ట్రావెల్ ట్రైలర్ పైకప్పు మీద పని: మీరు పడకుండా, కప్పు పాడవకుండా

ట్రావెల్ ట్రైలర్ (కారు లేదా ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) పైకప్పు నేల నుంచి దాదాపు 3 నుంచి 3.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చుట్టూ పిట్టగోడ ఉండదు, పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. చాలా ట్రైలర్లలో కాలి కింద ఉండేది పలచటి ప్లైవుడ్ లేదా ఓఎస్‌బీ (చెక్క పేళ్లను జిగురుతో నొక్కి చేసిన) పలక, దాని మీద సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉన్న రబ్బరు పొర. అంతే. అందుకే ఇక్కడ రెండు ప్రమాదాలు కలిసే ఉంటాయి. మీరు జారి కిందపడవచ్చు. లేదంటే మీ మోకాలో, చెప్పులో ఇరుక్కున్న రాయో ఆ పొరను చీల్చవచ్చు. ఆ చీలిక కంటికి కనిపించదు. లోపల సీలింగ్ మీద మరక తేలేసరికి చెక్క కుళ్లడం మొదలై ఉంటుంది.

ఈ రెండింటినీ తప్పించే పద్ధతి ఒకటే. మీ బరువు ఎక్కడ పడుతోందో ప్రతి కదలికకూ మీకు తెలిసి ఉండాలి, ఆ బరువును వీలైనంత వెడల్పుగా పరచాలి. కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక ప్రశ్న: అసలు ఎక్కాలా?

పైకప్పు పనుల్లో సగం పైకి ఎక్కకుండానే అయిపోతాయి. ట్రైలర్ వెడల్పు మామూలుగా సుమారు 2.4 మీటర్లే. పక్కన నిచ్చెన వేసుకుని పొడవాటి కర్ర ఉన్న బ్రష్ పట్టుకుంటే ఒక వైపు నుంచి మధ్య వరకు అందుతుంది, మిగతా సగం రెండో వైపు నుంచి. అంచు వెంబడి ఉండే సీలెంట్ (నీళ్లు దిగకుండా సందులు మూసే జిగురు), మూలల్లో ప్లాస్టిక్ క్యాపులు, వాననీటి గాడి, ఆనింగ్ (పక్కకు చాపే గుడ్డ పందిరి) పట్టీ, ఇవన్నీ నిచ్చెన మీద నుంచే చూడవచ్చు, బాగుచేయవచ్చు. రూఫ్ వెంట్ (కప్పులోని గాలి కిటికీ) లోని ఫ్యాన్ మోటారు, దోమతెర లాంటివి లోపలి నుంచే విప్పుకోవచ్చు.

సబ్బు నీళ్లతో కడగడం మాత్రం పైకెక్కి చేయవద్దని గట్టిగా చెబుతాను. తడిసిన రబ్బరు మీద సబ్బు పడితే ఏ బూటూ పట్టు ఇవ్వదు.

కప్పు మీ బరువు మోస్తుందా?

ట్రైలర్‌తో వచ్చిన ఓనర్ మాన్యువల్‌లో ఈ సంగతి రాసి ఉంటుంది. కొన్ని తేలికపాటి ట్రైలర్ల కప్పు మీద మనిషి ఎక్కకూడదని అందులోనే స్పష్టంగా ఉంటుంది. వెనక గోడకు కంపెనీ బిగించిన నిచ్చెన ఉంటే కప్పు మనిషిని మోసేలా కట్టి ఉంటారని అనుకోవచ్చు. కానీ అది ఆధారం మాత్రమే, హామీ కాదు. మాన్యువల్ మాటే చివరి మాట. ఆ నిచ్చెన మీద బరువు పరిమితి స్టిక్కర్ ఉంటుంది. చాలావాటికి అది 250 పౌండ్లు, అంటే సుమారు 113 కిలోలు. చేతిలో ఉన్న సామాను కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

తరువాత కప్పు ఎలా కట్టారో తెలుసుకోండి. చాలా ట్రైలర్లలో వెడల్పు దిశలో, అంటే ఎడమ గోడ నుంచి కుడి గోడకు, అడ్డ దూలాలు ఉంటాయి. వాటి మధ్య దూరం 40 సెంటీమీటర్లు గానీ 60 సెంటీమీటర్లు గానీ ఉంటుంది. వాటి మీద పలక, పలక మీద పొర. దూలం మీద గట్టిగా ఉంటుంది, రెండు దూలాల మధ్య మెత్తగా వంగుతుంది. వేలితో తట్టుకుంటూ పోతే శబ్దం మారే చోట దూలం దొరుకుతుంది. కొన్నింటిలో అల్యూమినియం చట్రం మధ్య ఫోమ్ నింపి, పలకలతో కలిపి అతికించిన కప్పు ఉంటుంది. అలాంటి కప్పు మీద ఒకే చోట బరువు పడితే అతుకు విడిపోయే ప్రమాదం ఉంది. పాత ట్రైలర్లలో కొన్నింటికి దూలాల మీద నేరుగా అల్యూమినియం రేకే ఉంటుంది, కింద పలకే ఉండదు. అక్కడ దూలం తప్పి కాలు పెడితే రేకు నొక్కుపడుతుంది, ఆ నొక్కులో నీళ్లు నిలుస్తాయి.

పై పొర ఏదో కూడా గుర్తుపట్టాలి. దానికి సరిపడే సబ్బు, సీలెంట్ వేరువేరుగా ఉంటాయి. ఈపీడీఎం రబ్బరైతే చేత్తో రుద్దితే తెల్లటి పొడి అంటుతుంది, పైన తెలుపున్నా అడుగున నల్లగా ఉంటుంది. టీపీఓ (ప్లాస్టిక్ లాంటి ఇంకో రకం పొర) కాస్త నిగనిగలాడుతుంది, అంతగా పొడి రాలదు. ఫైబర్‌గ్లాస్ దాని గట్టిదనంతోనే తెలిసిపోతుంది. అనుమానం ఉంటే వెంట్ చుట్టూ లోపలి ఫ్రేమ్ విప్పండి, కోసిన అంచు కనిపిస్తుంది.

ఇక మెత్తదనం పరీక్ష. దీన్ని దాటవేయకండి. ముందు లోపలికి వెళ్లి సీలింగ్ చూడండి. వెంట్ల చుట్టూ, స్కైలైట్ (వెలుతురు కోసం కప్పులో పెట్టిన ప్లాస్టిక్ కిటికీ) దగ్గర, నాలుగు మూలల్లో మరకలు, ఉబ్బులు, జోలెలా దిగిన చోట్లు ఉన్నాయేమో వేళ్లతో నొక్కి చూడండి. తరువాత నిచ్చెన మీద నుంచి కప్పు అంచులను అరచేత్తో నొక్కండి. మంచి కప్పు కొద్దిగా వంగి వెంటనే తిరిగి వస్తుంది. కుళ్లిన చోట తడిసిన అట్టముక్కలా దిగిపోయి అలాగే ఉండిపోతుంది. అలాంటి చోటు ఒక్కటి దొరికినా ఆ వైపు పైకెక్కకండి. ఆ పని ఇక సీలెంట్‌తో తీరేది కాదు. పొర ఎత్తి, చెక్క మార్చాలి.

నేల మీద చేసుకోవాల్సిన ఏర్పాట్లు

ట్రైలర్ చదునైన నేల మీద ఉండాలి. చక్రాలకు రెండు వైపులా అడ్డుచెక్కలు పెట్టండి, నాలుగు మూలల్లో స్టెబిలైజర్ జాక్‌లు (ట్రైలర్ ఊగకుండా నేలకు ఆనే కాళ్లు) దించండి. వీలైతే లాగే వాహనానికి తగిలించే ఉంచండి. విప్పి ఉన్న తేలిక ట్రైలర్ వెనక భాగం మీద మనిషి బరువు పడితే ముందు కొక్కెం పైకి లేవగలదు. జాక్‌లు దించకుండా ఎక్కడం అందుకే ప్రమాదం. జాక్‌లు ఉంటే కప్పు ఊగడం కూడా తగ్గుతుంది. మోకాళ్ల మీద ఉన్నప్పుడు చిన్న ఊపు కూడా గుండెలు అదరగొడుతుంది.

తలెత్తి చూడండి. కరెంటు తీగలకు కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి, మీకూ, నిచ్చెనకూ, చేతిలో ఉన్న పొడవాటి బ్రష్‌కూ. దగ్గరగా ఉంటే పని మొదలుపెట్టకముందే ట్రైలర్‌ను వేరే చోటికి జరపండి. అల్యూమినియం నిచ్చెన కంటే ఫైబర్‌గ్లాస్ నిచ్చెన మేలు.

పైన పని మొదలయ్యే ముందు కింద నుంచి రాగల ప్రమాదాలను ఆపేయాలి. బయటి కరెంటు ప్లగ్ తీసేయండి, జనరేటర్, ఇన్వర్టర్ ఆపండి. ఉష్ణోగ్రతను బట్టి దానంతట అదే తెరుచుకునే ఫ్యాన్ ఉంటే దాన్ని ఆఫ్ చేయండి. మూత మీద చెయ్యి ఉన్నప్పుడు అది కదలడం మొదలుపెట్టకూడదు. గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ ఉంటే ఆపండి. దాని వేడి పొగ చాలా ట్రైలర్లలో కప్పు మీది వెంట్ నుంచే బయటికి వస్తుంది. పక్కకు జరిగే గది ఉంటే దాన్ని లోపలికి లాగేసి, స్విచ్ ఎవరూ ముట్టుకోకుండా చూడండి. సోలార్ పలకల విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ప్లగ్ తీసినా, బ్యాటరీ విప్పినా, ఎండ పడినంతసేపూ వాటిలో కరెంటు పుడుతూనే ఉంటుంది. వాటి కనెక్టర్ల జోలికి పోకండి.

వాతావరణం పొడిగా ఉండాలి, గాలి ఉండకూడదు. తెల్లవారుజామున మంచు పడి ఉంటుంది, అది ఆరేదాకా ఆగండి. మధ్యాహ్నం ఎండలో తెల్ల కప్పు కళ్లను గుచ్చుతుంది. అంచు ఎక్కడుందో సరిగా కనిపించదు. చలువ కళ్లద్దాలు పెట్టుకోండి, నీళ్లు తాగుతూ ఉండండి. గట్టి మంచు, ఐసు ఉన్న కప్పు మీదకి ఏ పనికోసమైనా ఎక్కకండి.

కింద ఒక మనిషి ఉండాలి. నిచ్చెన పట్టుకోవడం, తాడుకు సామాను కట్టడం, అవసరమైతే సాయం పిలవడం, ఇవన్నీ ఆ మనిషి పని. ఎవరూ దొరకని రోజు పని వాయిదా వేయండి.

బూట్లు మెత్తటి రబ్బరు అడుగు ఉన్నవి, శుభ్రమైనవి వేసుకోండి. ఎక్కే ముందు వాటి అడుగు గాడుల్లో ఇరుక్కున్న ఇసుక, చిన్న రాళ్లు తీసేయండి. జేబులోంచి తాళాలు తీసేయండి, బకిల్ ఉన్న బెల్టు విప్పేయండి. మోకాళ్లకు మెత్తటి ప్యాడ్లు కట్టుకోండి, గట్టి ప్లాస్టిక్ చిప్ప ఉన్నవి మాత్రం వద్దు.

నిచ్చెన నుంచి కప్పు మీదకి

ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ప్రమాదకరమైన క్షణాలు ఇవే. నిచ్చెన దిగి కప్పు మీదకి వెళ్లేటప్పుడు, కప్పు మీద నుంచి తిరిగి నిచ్చెన మీదకి వచ్చేటప్పుడు. దీనికి సమయం ఇవ్వండి.

నిచ్చెన ఎంత ఎత్తుకు ఆనుకుంటుందో అందులో నాలుగో వంతు దూరంలో దాని కాళ్లు ఉండాలి. కప్పు 3.2 మీటర్ల ఎత్తులో ఉంటే నిచ్చెన కాళ్లు గోడకు 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. నిచ్చెన పైభాగం కప్పు అంచు దాటి కనీసం 90 సెంటీమీటర్లు పైకి ఉండాలి, అప్పుడే పట్టుకోవడానికి మీకు ఏదైనా ఉంటుంది. రెండు కాళ్ల ఏ-ఆకారపు నిచ్చెన చివరి మెట్టు నుంచి కప్పు మీదకి అడుగు వేయడం చాలామంది చేసేదే, కానీ ఆ నిచ్చెన దానికోసం తయారైంది కాదు. పక్కకు తోపు తగిలితే అది తిరగబడుతుంది.

నిచ్చెనను ఆనింగ్ చేతికి గానీ, ప్లాస్టిక్ నీటి గాడికి గానీ, మూల క్యాపులకు గానీ ఆనించకండి. పక్క గోడ పలచన కాబట్టి స్టాండ్-ఆఫ్ (నిచ్చెనను గోడకు కాస్త దూరంగా నిలిపే చట్రం) బిగించి, దాని చివరలకు మెత్తటి గుడ్డ చుట్టి ఆనించడం మంచిది. వెనక గోడకున్న నిచ్చెన వాడేటట్టయితే ముందుగా దాని బిగింపులన్నీ చేత్తో కదిపి చూడండి. స్క్రూ వదులుగా ఉంటే అక్కడి నుంచే నీళ్లు లోపలికి దిగి, దాని వెనకున్న చెక్క మెత్తబడి ఉండవచ్చు.

ఎక్కేటప్పుడు చేతుల్లో ఏమీ ఉండకూడదు. రెండు చేతులు ఒక కాలు, లేదా రెండు కాళ్లు ఒక చెయ్యి ఎప్పుడూ నిచ్చెన మీదే ఉండాలి. సామాను బకెట్లో పెట్టి, పైకి చేరాక తాడుతో లాక్కోండి. కప్పు మీద వేసే మొదటి చెక్కను నిచ్చెన మీద ఉండగానే లోపలికి జరిపి పెట్టుకోండి. తరువాత నిచ్చెన నిలువు కమ్మీలను రెండు చేతులతో పట్టుకుని ఒక మోకాలు చెక్క మీద, ఆపైన రెండోది. అంచు మీద కూర్చోవడం, లేచి నిలబడటం వద్దు.

దిగేటప్పుడు నిచ్చెన వైపు కాళ్లు తిప్పి, బోర్లా పడుకుని వెనక్కి జరగండి. కింద ఉన్న మనిషి మీ కాలు మెట్టు మీద పడిందో లేదో చెప్పాలి. రెండు కాళ్లూ మెట్టు మీద నిలిచి, చేతులు కమ్మీలను పట్టుకున్నాకే శరీరం బరువు వదలాలి. అంచు మీద కూర్చుని కాలితో మెట్టు వెతకడం చాలా పొరపాటు.

చెక్కల మీద పాకడం

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను 60 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల పొడవుకు కోయించుకోండి. ఇలాంటివి రెండు కావాలి, మూడైతే ఇంకా హాయి. మూలలు గుండ్రంగా చేయండి, అంచులు ఎమరీ కాగితంతో రుద్దండి, అడుగున పాత కార్పెట్ గానీ మెత్తటి ఫోమ్ గానీ అంటించండి. బదులుగా ఇళ్ల ఇన్సులేషన్‌కు వాడే గట్టి ఫోమ్ పలకలు కూడా పనికొస్తాయి. తేలిగ్గా ఉంటాయి, పొరకు గీత పడదు. అయితే చిన్న గాలికే ఎగిరిపోతాయి కాబట్టి మీరు పైన లేనప్పుడు కప్పు మీద వదలకండి.

చెక్కను ట్రైలర్ పొడవు దిశలో వేయండి. దూలాలు అడ్డంగా ఉంటాయి కాబట్టి అప్పుడు ఒకే చెక్క రెండు మూడు దూలాల మీద కూర్చుంటుంది, మధ్యలో పలక మీద భారం పడదు. వేసే ముందు ఆ చోటు మెత్తటి చీపురుతో ఊడవండి. చెక్క కింద ఒక్క గులకరాయి ఉన్నా మీ బరువంతా దాని మీదే పడి పొరలోకి దిగుతుంది. వెనక చెక్క తీసి ముందు వేసుకుంటూ, మోకాళ్లు, చేతుల మీద కదలండి. కొత్త చోటికి బరువు మార్చే ముందు అరచేత్తో నొక్కి చూడండి.

నిలబడి నడవడం మానేయండి. ఎవరో నడిచి ఏమీ కాలేదన్నది వినిపిస్తూ ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. పాకే మనిషి తూలినా అక్కడే పడతాడు. నిలబడ్డ మనిషి తూలితే 3 మీటర్ల కింద పడతాడు. అంచుకు 60 నుంచి 90 సెంటీమీటర్ల దూరంలోనే ఉండండి. చాలా కప్పులు అంచు దగ్గర గుండ్రంగా కిందికి వంగుతాయి, అక్కడ మోకాలికి పట్టు దొరకదు. అంచు పనంతా నిచ్చెన మీద నుంచే. వెనక్కి చూడకుండా వెనక్కి జరగకండి. దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి నిచ్చెన వైపు పని ముగించుకుంటూ రండి.

నడుముకు తాడు కట్టుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. మామూలు ట్రైలర్ కప్పు మీద పడే మనిషిని ఆపగల గట్టి కొక్కెం ఉండదు. వెంట్, ఏసీ, యాంటెన్నా, వెనక నిచ్చెన, ఇవేవీ ఆ పనికి రావు. అంచు దగ్గర ఎక్కువసేపు పని ఉంటే ట్రైలర్ పక్కన రెయిలింగ్ ఉన్న చిన్న పరంజా అద్దెకు తెచ్చుకోవడం సరైన దారి.

కాలు, మోకాలు, చెయ్యి ఏదీ ఆనించకూడనివి కొన్ని ఉన్నాయి: వెంట్ మూతలు, స్కైలైట్, ఏసీ పైనున్న ప్లాస్టిక్ డొప్ప, సోలార్ పలకలు, ప్లంబింగ్ గొట్టాల టోపీలు, పక్కకు జరిగే గది పైకప్పు. ఎండకు పెళుసెక్కిన స్కైలైట్ చేతి బరువుకే పగలగలదు.

పనిముట్లు, సీలెంట్

ప్రతి పనిముట్టునూ మందపాటి తువాలు మీద పెట్టండి. స్క్రూలు ఒక డబ్బాలో వేయండి. విప్పినవి ఎన్నో, తిరిగి బిగించినవి ఎన్నో లెక్క చూసుకోండి. కత్తితో ఏదైనా కోయాల్సి వస్తే కింద ఒక చెక్కముక్క పెట్టుకోండి, లేదా కిందికి దిగి కోసుకుని రండి.

శుభ్రం చేయడానికి తేలిక సబ్బు, మరీ గట్టిగా లేని బ్రష్ చాలు. పెట్రోల్, కిరోసిన్, థిన్నర్, నారింజ నూనె కలిసిన క్లీనర్లు ఈపీడీఎం రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. ప్రెషర్ వాషర్ నీటిధార సీలెంట్ అంచును లేపి నీటిని లోపలికి తోస్తుంది, దాన్ని దూరంగా ఉంచండి. కడిగేటప్పుడు పక్క గోడలను ముందుగా తడిపి, మధ్యమధ్యలో నీళ్లు కొడుతూ ఉండండి. లేకపోతే కప్పు మీది తెల్ల పొడి గోడల మీద చారలు కడుతుంది.

సీలెంట్ రెండు రకాలు. దానంతట అదే పరుచుకునే సెల్ఫ్ లెవలింగ్ రకం చదునైన చోట వెంట్ల చుట్టూ, స్క్రూ తలల మీద వేయాలి. ఇది వాలు మీద వేస్తే కారిపోతుంది. అంచులకు, నిలువు చోట్లకు కారని రకం దొరుకుతుంది. ట్యూబ్ మీద మీ పొర పేరు ఉందో లేదో చదవండి. మామూలు సిలికాన్ వేయకండి. అది కొంతకాలానికి ఊడుతుంది, పైగా దాని మీద మరే సీలెంటూ అంటుకోదు. తరువాత చేసేవాళ్లు దాన్ని పూర్తిగా గీకి తీయాల్సిందే.

పాత సీలెంట్‌లో పగుళ్లు, సూదిమొన రంధ్రాలు, లేచిన అంచులు వెతకండి. లేచిన భాగాన్ని మాత్రమే ప్లాస్టిక్ గీకుడుచెక్కతో తీయండి, గట్టిగా పట్టి ఉన్నదాన్ని పీకితే దానితో పాటు పొర కూడా చిరుగుతుంది. ఆ చోటు తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో శుభ్రం చేసి, పూర్తిగా ఆరనిచ్చి, పాత అంచు దాటి పొర మీదకి కొంచెం వచ్చేలా కొత్తది వేయండి. పొర చిరిగి ఉంటే బ్యూటైల్ జిగురు ఉన్న రూఫ్ టేప్ ముక్కను చిరుగుకు అన్ని వైపులా 5 సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా, మూలలు గుండ్రంగా కోసి అంటించి, చిన్న రోలర్‌తో నొక్కండి. ఒకసారి అంటుకుంటే ఆ టేప్ మళ్లీ ఊడిరాదు కాబట్టి ముందు పొడిగా పెట్టి కొలత చూసుకోండి. లోపల తడి ఉన్నప్పుడు మాత్రం పైన మూసేయకండి. ఆ తడి బయటికి పోయే దారి లేక చెక్కను తినేస్తుంది.

ఏసీ మార్చే పని వేరే స్థాయిది. ఏసీ బరువు మామూలుగా 40 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. దాన్ని భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కడం ఎవరూ చేయకూడదు. లిఫ్ట్ కావాలి, ఇద్దరు మనుషులు కావాలి, ఇద్దరూ ఒకే దూలం మీద ఉండకూడదు. పైకి చేరాక కప్పు మీద ఈడ్చకుండా చెక్క మీద దించాలి. ఇవి కుదరకపోతే పని తెలిసినవాళ్లకు అప్పగించండి.

దిగే ముందు, దిగాక

నిచ్చెన వైపు వస్తూ వస్తూ ప్రతి చోటునూ ఊడవండి. ఒక స్క్రూ మిగిలిపోతే తరువాత ఎక్కినవాళ్ల మోకాలి కింద అది పొరలో దిగుతుంది. వెంట్లు, మూలలు, అంచులు అన్నీ ఫోటోలు తీసుకోండి. మూడు నెలల తరువాత పక్కపక్కన పెట్టి చూస్తే ఏ పగులు కొత్తదో, ఏది పెరుగుతోందో తెలుస్తుంది. సీలెంట్‌ను ఏటా కనీసం రెండుసార్లు చూడాలి, చాలా కంపెనీలు 90 రోజులకోసారి చూడమంటాయి. మామూలుగా ఆ చూపుకు నిచ్చెన ఎక్కి తొంగి చూస్తే చాలు.

ట్యూబ్ మీద చెప్పిన గడువు దాకా సీలెంట్‌ను ఆరనివ్వండి. తరువాత ఒకరు పైపుతో మెల్లగా, కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి, ఒక్కో వెంట్ దగ్గర కొన్ని నిమిషాలు నీళ్లు పోయాలి, మరొకరు లోపల టార్చిలైటుతో ఆ వెంట్ చుట్టూ చూడాలి. ఎక్కడ చెమ్మ తేలిందో అప్పటికప్పుడే పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. నీళ్లు లోపల కొంత దూరం పాకి బయటపడతాయి కాబట్టి, కప్పు మీద వెతకాల్సిన చోటు ఆ గుర్తుకు సరిగ్గా పైనే ఉండకపోవచ్చు. దాని చుట్టూ, ముఖ్యంగా ఎత్తుగా ఉన్న వైపు, మొదట చూడండి.